పంట దుడ్లు, నెల ఖర్చు: ఇంటి బడ్జెట్టు మొదటిసారి రాసేదెట్లా

పోయిన రెండు వారాలు షెడ్డు శుద్ధి గురించి, విజేత పొడి ఎప్పుడెప్పుడు చల్లాల అన్నదాని గురించి చదివినారు. ఈ వారం పాఠం పురుగులది కాదు, ఇంటిది. మా ఊర్లో ఆరిళ్ళవాళ్ళం పోయిన ఉగాది నుంచి ఇంటి పద్దు రాస్తున్నాము. ఎట్లా మొదలుపెట్టాల అని చానామంది అడుగుతున్నారు కాబట్టి అదే పద్ధతి ఇక్కడ చెప్తున్నాము.

నెల జీతం వచ్చే ఇంట్లో బడ్జెట్టు రాసేది సులభం. ఒకటో తేదీ ఇంత వస్తుంది, ముప్పైలోపల ఇంత పోతుంది, అంతే. టీవీలో, పేపర్లో చెప్పేదంతా వాళ్ళకోసమే. మనకు నెల లేదు, పంట ఉంది. చాకీ పురుగులు తెచ్చిన దగ్గర్నుంచి గూళ్ళు దించేదాకా 25 రోజులకు అటూ ఇటూ. షెడ్డు కడిగి, రెండో తోట ఆకు కోతకొచ్చి, ఇంకో పంట దుడ్లు చేతికొచ్చేసరికి నెలన్నర. అది కూడా ఒక పంటకు ఉన్నట్టు ఇంకో పంటకు ఉండదు. శిడ్లఘట్ట మార్కెట్టుకు తీసుకపోయినా, రామనగరకు తీసుకపోయినా, ధర్మపురికి తీసుకపోయినా ఆ రోజు ధర ఆ రోజుదే.

కానీ కిరాణా అంగడి, స్కూలు బస్సు, గ్యాసు బండ, సంఘం కంతు, ఇవేవీ మన పంట చూసి రావు. అందుకే ఏడాది మొత్తం మీద రెండు లక్షలు మిగిలే ఇల్లు కూడా, పురుగులు నాలుగో జ్వరంలో ఉండంగా ఐదు వేలకు ఇంకొకరి గడప తొక్కుతుంది. సంపాదన తక్కువై కాదు. వచ్చే తేదీ ఒకటి, పోయే తేదీ ఒకటి. పట్టు రైతు ఇంటి బడ్జెట్టు అంటే ముఖ్యంగా ఈ రెండు తేదీలను కలిపేది. పంట దుడ్లను నెల జీతంగా మార్చి ఇంటికి ఇచ్చేది.

ముందు ఆ జీతం ఎంతో తేల్చాల. దీనికి పోయిన ఆరు పంటల లెక్క కావాల. మార్కెట్టు చీటీలు, బ్యాంకు పాసుబుక్కు తీస్తే వచ్చిన మొత్తం తెలుస్తుంది. పోయింది మాత్రం గుర్తు చేసుకుని రాయాల: చాకీకి, కూలికి, ఎరువుకు, బ్లీచింగుకు, సున్నానికి, మార్కెట్టుకు బండి బాడుగకు. మన ఇంటి మనుషుల కూలి ఇందులో వేయలేదు. వేస్తే ఎవరికీ ఏమీ మిగలదు, ఆ మాట ఇంకో రోజు మాట్లాడుకుందాము.

ఒక ఉదాహరణ తీసుకుందాము. రెండెకరాల వీ1 తోట రెండు ముక్కలుగా చేసి, పంటకు 150 గుడ్లు మేపే ఇల్లు. అంకెలు లెక్కకు సులభంగా ఉండేటట్టు వేసినాము, మీవి మీరు వేసుకోండి. ఖర్చు పోను ఆరు పంటల్లో మిగిలింది వరుసగా 31,000, 24,000, 9,000, 35,000, 28,000, 17,000. మొత్తం 1,44,000. ఆరు పంటలకు తొమ్మిది నెలలు పట్టింది. భాగిస్తే నెలకు 16,000.

ఈ 16,000 ను జీతం అనుకోకండి. అన్నిటికన్నా మంచి పంటను, ఆ 35,000 ను, లెక్కలోంచి తీసేయండి. మిగిలింది 1,09,000. తొమ్మిదితో భాగిస్తే 12,100 చిల్లర. ఇంటికి పట్టు నుంచి వచ్చే జీతం 12,000. ఎందుకంటే మంచి పంట మళ్ళీ వస్తుందని మనసు నమ్ముతుంది, 9,000 పంట మళ్ళీ రాదని కూడా అదే మనసు నమ్ముతుంది. రెండూ మన చేతిలో లేవు. మా ఆరిళ్ళలో ఒక ఇంటివాళ్ళు రెండు మంచి పంటలు తీసేసి ఇంకా తక్కువ పెట్టుకున్నారు. బోరు కింద నీళ్ళు తగ్గుతున్నాయని వాళ్ళ భయం, అది సరైన భయమే.

దీనికి నెలనెలా వచ్చేవి కలపండి. రెండు ఆవులుంటే దాణా ఖర్చు పోను డైరీ నుంచి 3,500 అనుకుందాము. కర్ణాటకలో 2023 నుంచి గృహలక్ష్మి కింద ఇంటి యజమానురాలికి నెలకు 2,000 వస్తుంది. తమిళనాడు వైపు ఉండేవాళ్ళకు అదే ఏడు మొదలైన మహిళల హక్కు మొత్తం 1,000. ఇవి రాసుకోండి, కానీ ఒక్క జాగ్రత్త: ఒక్కోసారి రెండు నెలలది ఒక్కసారిగా పడుతుంది. కాబట్టి తేదీ తప్పితే జరిమానా పడే కంతుకు ఈ డబ్బును ముడిపెట్టకండి, బియ్యానికో బట్టలకో పెట్టండి. పీఎం కిసాన్ ఏడాదికి 6,000, నాలుగు నెలలకొకసారి 2,000. అది నెల లెక్కలో వద్దు, నిలవలోకి పోనీండి. కర్ణాటకలో ఉన్న మన ఇంటికి 12,000, 3,500, 2,000 కలిపి 17,500 అయింది.

ఇప్పుడు ఖర్చు వైపు. ఇక్కడ అందరూ చేసే పని, కూర్చుని మనసులోంచి అంకెలు రాసేది. అట్లా రాస్తే కిరాణా ఎప్పుడూ మూడు వేలే వస్తుంది. ముందు ఒక నెల ఏమీ తగ్గించకుండా, పోయింది పోయినట్టు రాయండి. వంద పేజీల స్కూలు నోటుబుక్కు చాలు. రాత్రి మేపు వేసి వచ్చినాక ఐదు నిమిషాలు. ఐదో దశలో ఆ ఐదు నిమిషాలు కూడా దొరకవు, అది మాకు తెలుసు. ఆ వారం ఇంట్లోవాళ్ళ ఫోను గ్రూపులో «సంత 340», «పెట్రోలు 200» అని చెప్పి పెట్టండి, తీరినాక పుస్తకంలోకి ఎక్కించుకోవచ్చు. తెలుగు మాట్లాడతాము, చదివింది కన్నడలో, తమిళంలో అనేవాళ్ళు మనలో చానామంది. ఏ అక్షరాల్లో రాసినా లెక్క లెక్కే. రెండు ఇళ్ళలో ఎనిమిది, తొమ్మిది చదివే ఆడపిల్లలు పద్దు రాస్తున్నారు, పెద్దోళ్ళకన్నా నిక్కచ్చిగా.

రాసేటప్పుడు వచ్చే పెద్ద చిక్కు, ఏది పురుగుల ఖర్చు, ఏది ఇంటి ఖర్చు అన్నది. దీని మీద మేము ఒక సాయంత్రమంతా వాదించుకున్నాము. ఐదో దశలో ఎనిమిది రోజులు నలుగురు కూలోళ్ళు మధ్యాహ్నం మన ఇంట్లోనే తింటారు. అంటే 32 భోజనాలు. భోజనానికి 40 వేసుకున్నా 1,280. ఆ బియ్యం, బేళ్ళు, నూనె మన కిరాణా చీటీలోనే ఉంటాయి. చీటీ పెరిగిందని ఇంటి ఆడమనిషిని అంటారు, అది న్యాయం కాదు. ఆ 1,280 పురుగుల ఖర్చు. టీ పొడి, చక్కెర, బిస్కెట్లు కూడా అంతే. పెట్రోలు ఇంకో చిక్కు. చాకీ సెంటరుకు, మందుల అంగడికి, మార్కెట్టుకు పోయింది పురుగులది. పిల్లను బస్సు దగ్గర దింపింది, పెండ్లికి పోయింది ఇంటిది. ప్రతిసారీ రాయడం కుదరదు కాబట్టి సగం సగం అనుకుంటే తప్పేమీ లేదు. ఇంటికి వచ్చే లాభం కూడా మర్చిపోకండి: పురుగులు తినగా మిగిలిన ఆకు ఆవులకు పోతుంది, మల్బరీ కొమ్మలు పొయ్యిలోకి పోతాయి. కొమ్మలతో నీళ్ళు కాగబెట్టే ఇంట్లో గ్యాసు బండ ఇంకో పది రోజులు ఎక్కువ వస్తుంది.

నెల తర్వాత మన ఉదాహరణ ఇంటి పేజీ ఇట్లా ఉంది:

కిరాణా 4,200
సంత, కూరగాయలు, మాంసం 1,800
గ్యాసు 600
ఫోను రీఛార్జులు 900
పెట్రోలు, ఇంటి పాలుకు 1,500
స్కూలు బస్సు 1,800
సంఘం కంతు 1,600
మందులు 700
చేతి ఖర్చు 1,200
చీటీ 2,000

మొత్తం 16,300. వచ్చేది 17,500 కదా, 1,200 మిగిలింది అని సంతోషపడే చోటు ఇదే. ఇంకా అయిపోలేదు.

నెలకొకసారి రాని ఖర్చులు ఉంటాయి. అవే ఇంటిని కూల్చేది. జూన్‌లో స్కూలు ఫీజు 18,000. ఉగాది, సంక్రాంతి, గౌరమ్మ పండుగ, ఊరి జాతర అన్నీ కలిపి 15,000. బట్టలు, బండి ఇన్సూరెన్సు, ఇంటి రిపేరు, పెండ్లిళ్ళలో చదివింపులు 9,000. ఏడాదికి 42,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 3,500. జూన్ వస్తుందని జనవరిలోనే తెలుసు, ఉగాది వస్తుందని అందరికీ తెలుసు. తెలిసిన ఖర్చుకు అప్పు చేసేది ఎందుకు? ఆ 3,500 కూడా ప్రతి నెలా ఒక వరుస. ఫోను రీఛార్జు కూడా ఇట్లాంటిదే, 84 రోజుల ప్యాకు వేసుకుంటే రెండు నెలలు ఏమీ లేనట్టు ఉండి మూడో నెల ఒక్కసారిగా మీద పడుతుంది. అందుకే పైన నెల పాలు వేసినాము.

ఇప్పుడు మొత్తం 19,800. వచ్చేది 17,500. నెలకు 2,300 తక్కువ. మొదటిసారి రాసిన ఇళ్ళలో చానావాటికి ఇట్లాగే తక్కువే తేలుతుంది, భయపడకండి. ఆ 2,300 ఇంతకుముందు కూడా తక్కువే, వడ్డీ రూపంలో పోతా ఉంది, కనపడలేదు అంతే.

ఎక్కడ తగ్గించాల? మొదట కోసేది ఎప్పుడూ పిల్లల పాలు, గుడ్లు, ముసలోళ్ళ బీపీ మాత్రలు, ఆడోళ్ళ ఆసుపత్రి. ఇవి అడగని మనుషుల ఖర్చులు కాబట్టి కోసేస్తారు. వాటి జోలికి పోవద్దు. చేతి ఖర్చు అని ఒక వరుస పెట్టినాము చూడండి, అందులో టీ అంగడి, బీడీలు, సాయంత్రం చుక్క అన్నీ ఉంటాయి. విడివిడిగా రాయమంటే ఎవరూ నిజం రాయరు. ఒక ఇంట్లో భార్య అడిగింది: «టీ అంగడి లెక్క మీరే చెప్తారా, నేనే పోయి అడిగొచ్చేదా?» ఆ ఇంట్లో ఇద్దరికీ చెరి 350 అని తేల్చుకున్నారు. దానికి లెక్క ఎవరూ అడగకూడదు, ఆమెను కూడా అడగకూడదు. 1,200 పోయి 700 అయింది. టౌనుకు ఐదుసార్లు పోయేది మూడుసార్లు చేస్తే పెట్రోలులో 400. పండుగల 15,000 ను 10,200 కు తెస్తే నెలకు 400. మూడూ కలిపి 1,300 తగ్గింది.

ఇంకా 1,000 తక్కువ. ఈ ఇంట్లో 2,000 చీటీ ఇంకా నాలుగు నెలలే ఉంది. అది అయిపోయినాక 1,000 చీటీలో మాత్రమే చేరాలనుకున్నారు. నాలుగు నెలలకు 4,000 నిలవలోంచి తీస్తామని పుస్తకంలో రాసుకున్నారు. అన్నీ మొదటి నెలలోనే సరిపోవాలని ఏమీ లేదు. ఎక్కడినుంచి పూడుస్తామో రాసి ఉంటే చాలు.

నిలవ అంటే ఏమిటో చెప్పాల. గూళ్ళు అమ్మిన దుడ్లు ఖాతాలో పడిన రోజే మూడు భాగాలు చేయాల. 100 కిలోలు, కిలో 480 అనుకుంటే 48,000. మొదటి భాగం వచ్చే పంట ఖర్చు, 22,000. ఇది ముట్టకూడని దుడ్డు. చాకీ వాడికి బాకీ, మందుల అంగడికి బాకీ అన్న మాట రాకుండా ఉండేది దీనివల్లే. రెండో భాగం ఇంటి జీతం. నెలకు 12,000 చొప్పున నెలన్నరకు 18,000. మూడో భాగం మిగిలిన 8,000, అదే నిలవ. టీ అంగడి దగ్గర అందరమూ «ఈసారి 48 వచ్చింది» అంటాము. ఇంటికి వచ్చింది మాత్రం 18.

ఇంటి భాగాన్ని అదే రోజు ఇంటి ఆడమనిషి ఖాతాకు వేస్తే మంచిదని మా అభిప్రాయం. ఆమెకు ఖాతా ఎట్లాగూ ఉంది, సంఘానిదో, గృహలక్ష్మిదో. రెండు ఖాతాలుంటే పురుగుల దుడ్లు, ఇంటి దుడ్లు వాటంతట అవే విడిపోతాయి. నిలవకు ఇంకోటి, పోస్టాఫీసులో అయినా సరే.

చెడ్డ పంటకు ఇదే లెక్క వేసి చూడండి. సున్నపుకట్టు తగిలి 60 కిలోలే వచ్చినాయి, ధర 400. మొత్తం 24,000. వచ్చే పంటకు 22,000 తీసిపెడితే ఇంటికి 2,000. ఇంకా 16,000 కావాల. నిలవ ఉంటే అక్కడినుంచి వస్తుంది, లేకుంటే వడ్డీవ్యాపారి దగ్గర్నుంచి వస్తుంది. అందుకే నిలవ కనీసం రెండు పంటల ఇంటి జీతమంత, అంటే 36,000 చేరేదాకా దాన్ని దేనికీ తీయకూడదని మేము పెట్టుకున్నాము. పైన చెప్పిన చీటీ లాంటిది ముందే రాసుకుంటే వేరే మాట. ఉదాహరణ ఇంట్లో తొమ్మిది నెలల్లో మిగిలింది 1,44,000. జీతంగా పోయింది 1,08,000. తేడా సరిగ్గా 36,000. అంటే ఏడాది తిరగకముందే చేరుతుంది, మధ్యలో బోరు మోటారు కాలకపోతే. కాలితే కొంచెం ఆలస్యం.

ఆ నిలవను ఊర్లోనే వడ్డీకి తిప్పితే పెరుగుతుంది కదా అని ఒక పెద్దాయన అన్నాడు. పెరుగుతుంది. కానీ మనకు పంట పోయిన వారమే తీసుకున్నవాడికీ పంట పోయి ఉంటుంది, ఒకే ఊరు, ఒకే చలి. అడిగిన రోజు చేతికి రాని దుడ్డు నిలవ కాదు.

వడ్డీ గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాము. నూటికి మూడు రూపాయలు అంటే చిన్నదిగా వినపడుతుంది. నెలకు మూడు, ఏడాదికి 36. ఎప్పుడూ 30,000 బాకీ ఉండే ఇల్లు నెలకు 900, ఏడాదికి 10,800 కడుతుంది. పైన పండుగలన్నిటికీ పెట్టుకున్నది 10,200. అదే కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షలలోపు పంట అప్పుకు 7 శాతం, గడువులోపల కడితే 3 శాతం తగ్గి 4 శాతమే. 30,000 కు ఏడాదికి 1,200. మూడు రూపాయల వడ్డీ బాకీ ఉన్నవాళ్ళు పంట పెట్టుబడికి కార్డు వాడుకుని, అట్లా మిగిలిన సొంత దుడ్లతో మొదట ఆ బాకీ తీర్చండి. నిలవ పెంచేది తర్వాత. కార్డు అప్పు గడువు తేదీ మాత్రం పుస్తకం అట్ట మీదనే రాసిపెట్టుకోండి, ఆ తేదీ దాటితే 4 శాతం ఉండదు.

రెండో నెల నుంచి పని తక్కువ. పేజీకి ఎడమవైపు అనుకున్నది, కుడివైపు అయింది. రెంటికీ తేడా ఉన్న వరుస మీద మాత్రమే ఇంట్లో మాట్లాడుకోండి, మిగతావి వదిలేయండి. అనుకున్న అంకెను కొట్టేసి అయిన అంకె రాయవద్దు, రెండూ కనపడాల. కొత్త పంట దుడ్లు వచ్చిన ప్రతిసారీ ఆరు పంటల లెక్కలో పాతది తీసేసి కొత్తది వేసి జీతం మళ్ళీ చూసుకోండి. రెండు మూడు వందలు పెరిగితే పెంచకండి, వెయ్యి తగ్గితే మాత్రం వెంటనే తగ్గించండి.

పుస్తకం మొదలుపెట్టినవాళ్ళు మీ మొత్తాలు ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఏ వరుస దగ్గర చిక్కుకున్నారో అది రాసి గానీ, మాటల్లో చెప్పి గానీ పంపండి. చదవడం కష్టమయ్యే పెద్దోళ్ళకోసం ఈ పాఠాన్ని మేమే చదివి ఆదివారం పంపుతాము. వచ్చే వారం మళ్ళీ షెడ్డులోకి: చలికాలంలో తేమ ఎక్కువైతే సున్నపుకట్టు రాకుండా ఏం చేయాల.